శబ్ద ఫిరంగికి లెక్క చెప్పేదెవరు?

2024 ఫిబ్రవరి 13న పంజాబు రైతులు ‘ఢిల్లీ చలో’ అంటూ ట్రాక్టర్లపై బయలుదేరే నాటికి దేశ రాజధాని పొలిమేరలు ముట్టడికి సిద్ధమైన దుర్గం రూపు దాల్చాయి. సింఘూ, టిక్రీ, ఘాజీపూర్‌ల వద్ద సిమెంటు దిమ్మలు, ముళ్లకంచెలు, రహదారిపై నాటిన ఇనుప మేకులు - ఇవన్నీ 2020-21 నాటి ఆందోళన కాలం నుంచి ఢిల్లీ వాసులకు పరిచితమైన దృశ్యాలే. వాటి సరసన ఈసారి ఒక కొత్త పేరు పత్రికలకెక్కింది. జనసమూహాన్ని చెదరగొట్టడానికి ‘ఎల్‌రాడ్’ అనే దూరగామి ధ్వనియంత్రాన్ని కూడా పోలీసులు సిద్ధం చేసుకున్నారన్నది ఆ వార్త. ఆంగ్ల పత్రికలు దానికి ‘శబ్ద ఫిరంగి’ అని ముద్దుపేరు పెట్టాయి.

రైతులు ఢిల్లీ దాకా రానేలేదు. ఇక్కడికి సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరాన, పంజాబు-హర్యానా సరిహద్దులోని శంభూ, ఖనౌరీల వద్దనే హర్యానా పోలీసులు వారిని నిలిపివేశారు. అక్కడ డ్రోన్ల నుంచి బాష్పవాయు గోళాలు జారవిడిచారు. 2025 మార్చి 19న పంజాబు పోలీసులు తొలగించేవరకు రైతుల శిబిరాలు ఏడాదికి పైగా అక్కడే సాగాయి. ఢిల్లీ సరిహద్దున నిలిపిన ధ్వనియంత్రం సంగతి ఈ సందడిలో అందరూ మరచిపోయారు. అది అంత తేలికగా మరవదగిన సంగతి కాదని నా అభిప్రాయం. ఎందుకంటే ఈ ఆయుధం ప్రయోగించబడిందా లేదా అన్న ప్రశ్న రేపు మరొక సందర్భంలో తలెత్తితే, దానికి నిక్కచ్చిగా సమాధానం చెప్పగల వ్యవస్థ ఏదీ మన చట్టాలలో కనిపించదు.

ముందుగా యంత్రం సంగతి చూద్దాం. దీనిని గురించి రాసేటప్పుడు ‘ధ్వని లేజర్’ అన్న మాట కొందరి కలాల నుంచి దొర్లుతున్నది. నేను చదువుకున్నది ఆంగ్ల సాహిత్యం. భౌతికశాస్త్రం నా విద్య కాదు. అయినా ఈ మాట సరైనది కాదని చెప్పడానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు. ధ్వనికి కూడా లేజర్ వంటి సాధనం నిజంగానే ఉన్నది. దానిని శాస్త్రజ్ఞులు ‘సేసర్’ అంటారు. కాంతికి ఫోటాన్లు ఎలాగో ఘనపదార్థంలోని ధ్వని స్పందనలకు ఫోనాన్లు అలాగ. ఒక ఫోనాన్ తనవంటి మరొక ఫోనాన్‌ను పుట్టించేటట్లు చేసి, అన్నిటినీ ఒకే లయలో, ఒకే దిశలో నడిపించడమే సేసర్ పని. 2009లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఉక్రెయిన్ శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో గాలియమ్ ఆర్సెనైడ్, అల్యూమినియమ్ ఆర్సెనైడ్ పలుచని పొరలు ఒకదానిపై ఒకటి పేర్చి అటువంటి పరికరాన్ని ప్రదర్శించారు. దాని ధ్వని సెకనుకు 44,000 కోట్ల కంపనాల స్థాయిది. మన చెవి వినగలిగినది 20,000 కంపనాల వరకు మాత్రమే. కనుక ఈ ‘ధ్వని లేజర్’ ఏ మానవ కర్ణానికీ వినిపించదు. స్ఫటికం దాటి గాలిలోకి అడుగుపెట్టలేదు. ప్రపంచంలోని అత్యంత నిశ్శబ్ద శబ్దం అదేననవచ్చు. దాని ఉపయోగం అతి సూక్ష్మ పదార్థ నిర్మాణాలను పరిశీలించడంలో.

పోలీసు వాహనంపై ఎక్కించిన యంత్రం అది కాదు. ఇది ఒక పెద్ద పళ్లెం వంటి చట్రంలో అనేక శబ్దోత్పాదకాలను అమర్చి, అన్నీ ఏకకాలంలో ఒకే లయతో మోగేటట్లు చేసిన సాధనం. లయ కలిసిన అలలు ఎదుటి దిశలో ఒకదానికొకటి బలం చేకూర్చుకుంటాయి. పక్కలకు పోయేవి ఒకదానినొకటి హరించుకుంటాయి. ఆ విధంగా శబ్దం నాలుగు దిక్కులకు చెదరిపోకుండా ఒక పాయగా ముందుకు సాగుతుంది. సామాన్య లౌడ్‌స్పీకర్ దీపం వంటిదైతే ఇది టార్చిలైటు వంటిది. సేసర్ ధ్వని తరంగం పొడవు సుమారు 11 నానోమీటర్లు. ఎల్‌రాడ్ హెచ్చరిక శబ్దపు తరంగం పొడవు సుమారు 11 సెంటీమీటర్లు. రెంటికీ నడుమ కోటి రెట్ల వ్యత్యాసం. ఒకటి ప్రయోగశాలలో మహాద్భుతం. రెండవది రహదారిపై నిలబడే ఇనుప పళ్లెం. పార్లమెంటులో గాని పత్రికలలో గాని రెంటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల జరిగే నష్టం ఏమిటంటే, రెండవదానికి మొదటిదాని శాస్త్రీయ గౌరవం ఊరకే దక్కుతుంది.

ప్రసంగవశాత్తు ఒక మాట. స్ఫటికాలలో, ద్రవాలలో శబ్ద తరంగాల పరిశోధన తెలుగువారికి కొత్తది కాదు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతంగారు, వారి శిష్యులు బి. రామచంద్రరావుగారు వాల్తేరులో 1940ల నాటికే అతిధ్వని తరంగాలపై గణనీయమైన కృషి చేశారు. అనంతరకాలంలో భగవంతంగారే రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా దాదాపు దశాబ్దకాలం రాజధానిలో ఉన్నారు. శాస్త్రానికి, ఆయుధానికి, ప్రభుత్వానికి నడుమ ఉండవలసిన దూరమెంతో తెలిసిన అటువంటివారు ఇవాళ హోంశాఖకు ఎవరు సలహా ఇస్తున్నారన్నది నాకు కలిగిన సహజమైన కుతూహలం.

ఎల్‌రాడ్ పుట్టుక సముద్ర సంబంధమైనది. 2000 అక్టోబరులో ఏడెన్ రేవులో ‘కోల్’ అనే అమెరికన్ యుద్ధనౌకను ఒక చిన్న పడవలో వచ్చిన ఆత్మాహుతి దళం పేల్చివేసింది. 17 మంది నావికులు మరణించారు. దగ్గరకు వచ్చే పడవ బెస్తవారిదో శత్రువుదో తేల్చుకోవడానికి, దూరం నుంచే స్పష్టంగా హెచ్చరించే సాధనం కావాలని అమెరికన్ నౌకాదళం తలపోసింది. కాలిఫోర్నియాలోని ఒక సంస్థ తయారుచేసిన ఎల్‌రాడ్ ఆ అవసరాన్ని తీర్చింది. అంటే దీని మూలోద్దేశం మాట వినిపించడం. చెవి పగలగొట్టడం కాదు. కాని అదే పళ్లెం నుంచి మాటకు బదులు కర్ణకఠోరమైన కూత వెలువరించే మీట కూడా అందులోనే అమర్చారు. ఆ కూతకు ఎంచుకున్న శబ్దశ్రేణి మానవుని చెవి అత్యంత సున్నితంగా ఉండే శ్రేణియే కావడం యాదృచ్ఛికం కాదు.

సముద్రంపై దీని ప్రతాపం ఎంతటిదో మనవారికి స్వానుభవమే. 2008 నవంబరు 28న ఏడెన్ సింధుశాఖలో ‘బిస్కాలియా’ అనే రసాయనాల ఓడను సోమాలీ దొంగలు చుట్టుముట్టారు. ఓడ నావికులలో అత్యధికులు భారతీయులు, కొందరు బంగ్లాదేశీయులు. ఓడను కాపాడడానికి నియుక్తులైన ముగ్గురు ప్రైవేటు రక్షకుల వద్ద తుపాకులు లేవు. ఈ ధ్వనియంత్రం ఉన్నది. దానిని ప్రయోగించారు. తుపాకులు పట్టుకు వస్తున్న దొంగలు లక్ష్యపెట్టలేదు. చివరకు ఆ రక్షకులు సముద్రంలోకి దూకగా హెలికాప్టరు వచ్చి రక్షించింది. మన నావికులు మాత్రం దాదాపు రెండు నెలలు బందీలుగా ఉండిపోయారు. దీనికి మూడేళ్ల ముందు, 2005లో, ఒక విహార నౌక విషయంలో ఇదే యంత్రం ఉపకరించిందని పెద్ద ప్రచారం జరిగిన మాట కూడా వాస్తవమే. ఏతావతా తేలేదేమంటే, ఆయుధం పట్టి ప్రాణానికి తెగించినవాణ్ణి ఇది ఆపుతుందన్న హామీ లేదు. నిరాయుధుడై, చెవులు మూసుకోవడం తప్ప వేరే రక్షణ లేనివాడిపై దీని ప్రభావం నిశ్చయం.

ఆ ప్రభావం ఎంతో కొన్ని అంకెలు చెబుతాయి. డెసిబెల్ అన్న కొలత మామూలు కూడిక వంటిది కాదు. పది డెసిబెళ్లు పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. నివాస ప్రాంతంలో పగటిపూట 55 డెసిబెళ్లు మించరాదని 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు శాసిస్తున్నాయి. 115 డెసిబెళ్లంటే దానికి పది లక్షల రెట్లు. ఎల్‌రాడ్ మధ్యస్థాయి నమూనాలలో ఒకటి మీటరు దూరంలో 149 డెసిబెళ్ల శబ్దం వెలువరిస్తుందని తయారీదారుల ప్రకటన. దూరం రెట్టింపైన కొద్దీ ఆరేసి డెసిబెళ్లు తగ్గుతాయన్న సామాన్య సూత్రాన్ని అన్వయిస్తే, 32 మీటర్ల దూరంలో నిలిచినవాడి చెవిలో పడేది సుమారు 119. వంద మీటర్ల దూరంలో సుమారు 109. వృత్తిరీత్యా రోజుకు ఎనిమిది గంటలు 85 డెసిబెళ్లకు మించిన శబ్దం వినరాదని, అటు తరువాత ప్రతి మూడు డెసిబెళ్లకు ఆ వ్యవధి సగానికి సగం తగ్గాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క. దాని ప్రకారం వంద మీటర్ల దూరంలోనివాడు రెండు నిమిషాలలోపే అక్కడి నుంచి తప్పుకోవాలి. 32 మీటర్ల దూరంలోనివాడికి మిగిలేది సుమారు పదకొండు సెకన్లు. మన దేశంలోనూ 1948 కర్మాగారాల చట్టం కింద రూపొందిన నమూనా నియమాలు ఏ కార్మికుడినీ 115 డెసిబెళ్లకు మించిన నిరంతర శబ్దానికి గురిచేయరాదని చాలాకాలం కిందటే నిర్దేశించాయి.

వేలాదిమంది ఒత్తిడిగా కిక్కిరిసిన రహదారిపై పదకొండు సెకన్లలో ఎవరు ఎక్కడికి తప్పుకోగలరు? ముందు వరుసలోనివాడిని వెనుక వరుసలు కదలనీయవు. యంత్రం నడిపేవాడు వెనుకనున్న చివరివాడికి కూడా వినిపించాలని శబ్దం పెంచితే ముందున్నవాడి గతి ఏమిటి? లాఠీ పట్టినవాడు, ఎంత కోపంలో ఉన్నా, ఎదుట ఉన్నది ముసలివాడా, పసిబిడ్డా అని కంటితో చూడగలడు. ఈ శబ్దపు పాయకు ఆ వివక్ష లేదు. నిరసనకారుడు, దారిన పోయేవాడు, ఎదుటి ఇంటి మేడమీద నిలిచిన గృహిణి, కెమెరా పట్టుకుని వచ్చిన మా సోదర విలేఖరి - అందరూ ఒకటే. అంతరకర్ణంలోని సూక్ష్మమైన రోమకణాలు ఒకసారి నశిస్తే తిరిగి మొలవవు. గాయం పైకి కనబడదు. రక్తం కారదు. ఆ మరునాడు చెవిలో హోరు మొదలైనవాడు ఏ ఠాణాకు వెళ్లి ఏమని ఫిర్యాదు చేయాలి?

ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. అమెరికాలో నిరసనకారులపై ఈ యంత్రం మొట్టమొదటిసారి ప్రయోగింపబడింది 2009 సెప్టెంబరులో, పిట్స్‌బర్గ్ నగరంలో. జి-20 దేశాల అధినేతల సమావేశం అది. మన ప్రధాని మన్మోహన్ సింగ్‌గారు కూడా హాజరైన సమావేశం. వీధిలో ఏమి జరుగుతున్నదో చూడవచ్చిన ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు తన వినికిడి దెబ్బతిన్నదని దావా వేశారు. 2012లో నగరపాలక సంస్థ 72,000 డాలర్లు చెల్లించి రాజీకి వచ్చింది. ఆమె నిరసనకారిణి కాదన్నది గమనార్హం.

2014 డిసెంబరులో న్యూయార్క్ నగరంలో, పోలీసుల చేతిలో ఒక నల్లజాతీయుడు మరణించిన ఉదంతంపై ప్రదర్శనలు జరుగుతుండగా ఈ కూతను మళ్లీ వాడారు. శబ్దమనేది బలప్రయోగం కిందికి రాదని, అది కేవలం సమాచార సాధనమని పోలీసుల తరఫు న్యాయవాదులు వాదించారు. 2018లో అప్పీలు న్యాయస్థానం ఆ వాదనను త్రోసిపుచ్చింది. చెవికి హాని కలిగించే శబ్దం కూడా బలప్రయోగమేనని, అది మితిమీరితే రాజ్యాంగ విరుద్ధమవుతుందని స్పష్టం చేసింది. 2021లో రాజీ కుదిరింది. ఆ హెచ్చరిక కూతను ఇకమీదట వాడబోమని న్యూయార్క్ పోలీసు శాఖ అంగీకరించింది. మాటలు వినిపించడానికి మాత్రం యంత్రాన్ని వాడుకోవచ్చు. ఈ భేదాన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలని మనవి; మన సమస్యకు పరిష్కారం ఇందులోనే ఉన్నదని నేను భావిస్తున్నాను.

ఇక బెల్‌గ్రేడ్ ఉదంతం. సెర్బియాలోని నోవీసాద్ పట్టణంలో 2024 నవంబరు 1న రైల్వేస్టేషను పైకప్పు కూలి అమాయకులు మరణించారు. అవినీతి ఫలితమే ఈ దుర్ఘటన అని విద్యార్థులు నెలల తరబడి ఆందోళన సాగించారు. 2025 మార్చి 15న రాజధాని వీధులలో ఆ దేశచరిత్రలోనే అతిపెద్దదనదగిన జనసమూహం చేరింది. సుమారు మూడు లక్షలని ఒక స్వతంత్ర లెక్కింపు బృందం అంచనా. మృతులు అప్పటికి 15 మంది. వారికి నివాళిగా 15 నిమిషాల మౌనం పాటిస్తున్నారు. ఆ మౌనం మధ్యలో ఉన్నట్లుండి జనం భయకంపితులై రహదారికి ఇరువైపులకూ చీలిపోయారు. నడిమధ్యన ఒక దారి తెరచుకున్నట్లు ఆ దృశ్యం చలనచిత్రాలలో నమోదైంది. విమానమో వాహనమో మీదికి దూసుకువస్తున్నట్లు వినిపించిందని చాలామంది చెప్పారు.

ప్రభుత్వ వాదన రోజుకొక విధంగా మారింది. ముందు అటువంటిదేమీ లేదన్నారు. తరువాత పోలీసు శాఖ వద్ద ఎల్‌రాడ్ యంత్రాలు ఉన్న మాట నిజమేనన్నారు. పార్లమెంటు భవనం సమీపాన వాహనంపై అమర్చిన యంత్రపు ఛాయాచిత్రం బయటపడిన పిమ్మట, అక్కడ ఉన్నదేగాని ప్రయోగించలేదన్నారు. రష్యా గూఢచారి సంస్థను రప్పించి పరీక్షలు జరిపించగా ప్రయోగం జరగలేదని నివేదిక వచ్చింది. ఆ నివేదికను ఎంతమంది నమ్మారన్నది వేరే సంగతి. బాధితులు యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం తలుపు తట్టారు. 2025 ఏప్రిల్ చివరలో ఆ న్యాయస్థానం, మార్చి 15న ఏమి జరిగినదీ నిర్ణయించకుండానే, జనసమూహాలపై శబ్ద పరికరాలను ప్రయోగించకుండా చూడాలని సెర్బియాకు మధ్యంతర సూచన చేసింది. సెర్బియా చట్టమే అటువంటి ఆయుధాన్ని పోలీసులకు అనుమతించలేదన్నది ఇందులోని విశేషం.

బెల్‌గ్రేడ్‌లో ఏమి జరిగిందో ఇదమిత్థమని నేను తేల్చబూనడం లేదు. నాకు ముఖ్యమనిపించినది వేరు. తుపాకి పేలితే గుండు దొరుకుతుంది. బాష్పవాయువు వదిలితే ఖాళీ గోళం రోడ్డుపై పడి ఉంటుంది. లాఠీ దెబ్బ వీపుపై వాత తేలుతుంది. శబ్దం అణగిపోయిన మరుక్షణం ఏమీ మిగలదు. లక్షల మంది సాక్షులు ఉండి కూడా సాక్ష్యం లేదు. ప్రభుత్వం లేదంటే లేదు, ఉందంటే ఉంది. ఇటువంటి ఆయుధానికి లెక్క తరువాత వెతికితే దొరకదు. ముందే రాయించి పెట్టాలి.

మన దేశపు చట్టాలను ఈ దృష్టితో పరిశీలిస్తే కొన్ని వింతలు గోచరిస్తాయి. చట్టవిరుద్ధ సమూహాన్ని పోలీసులు చెదరగొట్టే అధికారం లోగడ క్రిమినల్ ప్రొసీజరు కోడు 129వ సెక్షనులో ఉండేది. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 148వ సెక్షను దాని స్థానంలో వచ్చింది. విడిపొమ్మని ఆజ్ఞాపించాలి, వినకపోతే బలం ప్రయోగించవచ్చు. అంతే. ఏ బలం, ఎంత బలం, ఏ సాధనం - ఒక్క మాట లేదు. ఆ తరువాతి సెక్షనులో సైన్యాన్ని పిలిచే సందర్భం వస్తుంది. అక్కడ మాత్రం సాధ్యమైనంత తక్కువ బలం వాడాలని, మనుషులకు ఆస్తులకు సాధ్యమైనంత తక్కువ హాని కలిగించాలని చట్టం స్పష్టంగా చెబుతున్నది. సైనికుడికి చెప్పిన నీతి పోలీసుకు చెప్పకపోవడం బ్రిటిష్‌వారి నుంచి మనకు సంక్రమించిన పాత లోపం. చట్టం పేరు మార్చినప్పుడైనా దానిని సరిదిద్దలేదు.

మరొకవైపు, మెకాలే రచించిన భారత శిక్షాస్మృతి 1860లోనే ‘తీవ్ర గాయం’ అంటే ఏమిటో చెబుతూ, ఏ ఒక్క చెవి వినికిడి శాశ్వతంగా పోయినా అది తీవ్ర గాయమేనని పేర్కొన్నది. కంటిచూపు పోవడం పక్కనే వినికిడి పోవడాన్ని చేర్చింది. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షనులో ఆ జాబితా నేటికీ ఉన్నది. నూట అరవై ఏళ్లుగా మన చట్టం చెవిని కంటితో సమానంగా గౌరవించింది. కాని అంతర్జాతీయ చట్టం ఆ పని చేయలేదు. మనిషి కంటిని శాశ్వతంగా గుడ్డిచేసే లేజర్ ఆయుధాలను 1995లో ఒక ప్రత్యేక ఒప్పందం ద్వారా యుద్ధంలో నిషేధించారు. భారతదేశం కూడా అందులో చేరింది. చెవిని శాశ్వతంగా చెవిటిచేసే శబ్దం విషయంలో అటువంటి ఒప్పందమేదీ లేదు. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2020లో వెలువరించిన మార్గదర్శకాలలో శబ్దాయుధాల ప్రస్తావన ఉన్నది గాని, మార్గదర్శకం మార్గదర్శకమే.

సుప్రీంకోర్టు వైఖరి ఇంకా ఆసక్తికరమైనది. 2005 జులై 18న శబ్ద కాలుష్యంపై ఇచ్చిన తీర్పులో, వాక్స్వాతంత్ర్యం ఉన్నదని చెప్పి లౌడ్‌స్పీకర్ల ద్వారా ఇతరుల చెవులపై దాడి చేసే హక్కు ఎవరికీ లేదని ప్రధాన న్యాయమూర్తి లహోటీ ధర్మాసనం నిష్కర్షగా చెప్పింది. ఇష్టం లేనివాడిచేత బలవంతంగా వినిపించరాదన్నది దాని సారం. ఆనాడు ఆ తీర్పు ఎక్కుపెట్టింది పెళ్లి ఊరేగింపులపైన, భజన మందిరాలపైన, రాజకీయ సభలపైన. పౌరుడికి లేని ఈ హక్కు పోలీసు శాఖకు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే జవాబేమిటి? అత్యవసర పరిస్థితి అంటారు. సరే, అత్యవసరమని నిర్ణయించేదెవరు, ఏ కాగితం మీద?

2011 జూన్ 4 అర్ధరాత్రి రామ్‌లీలా మైదానంలో నిద్రిస్తున్న జనంపై పోలీసులు జరిపిన చర్యను పాఠకులు మరచి ఉండరు. 2012 ఫిబ్రవరి 23న సుప్రీంకోర్టు ఆ చర్యను తప్పుపట్టింది. సభా నిర్వాహకుల బాధ్యతను కూడా ఎత్తిచూపుతూనే, నిద్ర కూడా పౌరుని జీవన హక్కులో భాగమేనన్నది. బాష్పవాయు గోళాలు, లాఠీలు కంటికి కనిపించాయి గనుకనే న్యాయస్థానం ఆ రాత్రి జరిగినదానిని నిమిషాలవారీగా చర్చించగలిగింది. ఆ రాత్రి ఆ పందిరిలో ఒక శబ్ద ఫిరంగి మాత్రమే మోగి ఉంటే ఏ రికార్డు ఆధారంగా విచారణ సాగేది?

‘ప్రాణాంతకం కానిది’ అన్న విశేషణం మన పాలకులకు చాలా ప్రీతిపాత్రమైనది. కాశ్మీరులో 2010 తరువాత విరివిగా వాడిన పెల్లెట్ తుపాకులకు కూడా ఇదే విశేషణం తగిలించారు. 2016 వేసవిలో ఎందరో పడుచువాళ్లు కంటిచూపు పోగొట్టుకున్న తరువాత గాని హోంశాఖ ప్రత్యామ్నాయాలు వెతకడానికి కమిటీని నియమించలేదు. మిరపఘాటు గోళాలు వాడుకోవచ్చునని కమిటీ సూచించింది. ముందు కళ్లు పోయాయి, తరువాత కమిటీ వచ్చింది. చెవుల విషయంలోనైనా ఈ క్రమం తారుమారు కావాలని కోరుకోవడం అత్యాశ కాదు.

ఈ యంత్రాన్ని ఆసాంతం నిషేధించాలని నేను వాదించడం లేదు. 1977 నవంబరులో దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో పదివేల మందికి పైగా కొట్టుకుపోయారు. ఆ సాయంత్రం హోరుగాలిలో ఊరూరికీ మాట చేరవేసే సాధనమేదీ లేదు. కిలోమీటరు దూరాన నిలిచిన బెస్తవాడికి కూడా స్పష్టంగా మాట వినిపించగల యంత్రం మన తీరగ్రామాలకు వరమే అవుతుంది. తొక్కిసలాట జరగబోయే యాత్రాస్థలంలోనూ అంతే. లాఠీ ఎత్తేముందు విడిపొమ్మని నిజంగా అందరికీ వినిపించేటట్లు చెప్పడం మాత్రం తప్పా? మన పోలీసు అధికారి చేతి మైకులో గొణిగిన హెచ్చరిక నాలుగో వరుసకు చేరదు; అయినా హెచ్చరించితిమని పంచనామాలో రాసుకుంటారు. మాట వినిపించడం వేరు, కూతతో కొట్టడం వేరు. న్యూయార్క్ పోలీసులు అంగీకరించిన ఈ భేదాన్ని మన హోంశాఖ ఒక ఉత్తర్వు ద్వారా అంగీకరించడానికి అడ్డేమిటో నాకు బోధపడదు.

ఇక్కడ పార్లమెంటు పాత్ర వస్తుంది. పోలీసు వ్యవహారం గురించి ఏ సభ్యుడు ఏ ప్రశ్న వేసినా హోంశాఖ సమాధానంలోని తొలివాక్యం నాకు కంఠస్థమైపోయింది: పోలీసు, శాంతిభద్రతలు రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం రాష్ట్రాల పరిధిలోని అంశాలు. ఆ వాక్యంతో సగం ప్రశ్నలు అక్కడే సమాధి అవుతాయి. కాని ఢిల్లీ విషయంలో ఆ వాక్యం చెల్లదు. 1991 రాజ్యాంగ సవరణ ద్వారా ఢిల్లీకి శాసనసభ ఏర్పడినా పోలీసు, శాంతిభద్రతలు, భూమి అనే మూడు అంశాలను దానికి ఇవ్వలేదు. ఢిల్లీ పోలీసు కమిషనరు కేంద్ర హోంశాఖకే జవాబుదారు. హోంశాఖ పార్లమెంటుకే జవాబుదారు. రాజధాని పౌరుని చెవిని గురించి అడగగల చట్టసభ దేశం మొత్తం మీద పార్లమెంటు ఒక్కటే. అదీ అడగకపోతే అడిగేవారు లేరు.

కొత్త భవనంలోకి మారాక మా బోటి విలేఖరులకు సెంట్రల్ హాలు కాఫీ, ఆ కాఫీతోపాటు సభ్యుల మనసులోని మాట కరువయ్యాయి. అయినా ఈ సంగతిపై ఇరుపక్షాలకూ చెందిన కొందరు సభ్యులను కదిలించి చూశాను. ప్రతిపక్ష సభ్యులొకరు ఉత్సాహం చూపారు గాని, వారి ఉత్సాహం వారి పార్టీ పాలించే రాష్ట్రపు పోలీసుల ప్రస్తావన రాగానే చల్లారిపోయింది. అధికార పక్షానికి చెందిన పెద్దమనిషి ఒకరు, తుపాకి కంటే శబ్దం మేలు కాదా అని ఎదురు ప్రశ్న వేశారు. మేలే. కాని జనసమూహాన్ని చూడగానే తుపాకి ఎత్తడానికి వెనుకాడే అధికారి, ఒక మీట నొక్కడానికి వెనుకాడడు. సాధనం ఎంత తేలికైతే దాని వాడకం అంత తరచవుతుంది. అందుకే తేలిక సాధనానికి గట్టి నియమం అవసరం.

మీట అనగానే సభలో మైకుల సంగతి గుర్తుకు వస్తున్నది. మాట్లాడుతుండగా మైకు కట్టేశారని ప్రతిపక్షం ఆరోపించడం, ఆ మీట తన చేతిలో లేదని సభాపతి బదులివ్వడం 2024లో కూడా విన్నాం. సభలోపల శబ్దం ఆపే మీట ఎవరి చేతిలో ఉన్నదో తేలక ఇంత రభస జరుగుతుంటే, సభ వెలుపల శబ్దం పెంచే మీట ఎవరి చేతిలో ఉన్నదో అడగడానికి తీరిక లేకపోవడం చిత్రమే.

అడగవలసినది ఎక్కువేమీ లేదు. ఢిల్లీ పోలీసుల వద్ద, కేంద్ర బలగాల వద్ద ఇటువంటి యంత్రాలు ఎన్ని ఉన్నాయి? ఎన్ని డెసిబెళ్ల వరకు, ఎంత దూరం నుంచి, ఎన్ని సెకన్లపాటు కూత వేయవచ్చునని లిఖిత ఉత్తర్వు ఉన్నదా? ఉంటే దానిని సభాసమక్షంలో ఉంచుతారా? మీట నొక్కిన సమయం, నొక్కించిన అధికారి పేరు, నాటి శబ్దస్థాయి ఆ యంత్రంలోనే చెరపరాని విధంగా నమోదయ్యే ఏర్పాటు ఉన్నదా? యంత్రం ఎదుట ఉండే జనం మాట అటుంచి, దాని వెనుక నిలిచే కానిస్టేబులుకైనా చెవులకు రక్షణ, ఏటా వినికిడి పరీక్ష ఉన్నాయా? ఈ చివరి ప్రశ్న పోలీసు సంక్షేమం కిందికి వస్తుంది గనుక దానికి అభ్యంతరం చెప్పడం హోంశాఖకు కూడా కష్టమే.

లోక్‌సభలో ప్రశ్నకు పదిహేను పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. హోంశాఖ వంతు మంగళవారం.